గుండు టికెట్టు

తిరపతి చుట్టుపక్కల రోడ్ల మీద
చెయ్యెత్తితే లారీ ఆగదు.
గుండు కనిపిస్తే ఆగుతుంది.

ఈ సంగతి నాకు చెప్పింది చెంగల్రాయులు,
రేణిగుంట యార్డులో, సిమెంటు దించేసిన వ్యాగను నీడలో,
సగం బీడీ నాకిచ్చి సగం చెవి మీద పెట్టుకుంటా.
"మొక్కు లేకపోయినా పర్లేదు బ్బోడా, కొండెక్కు.
ఊరికే కొడతారు.
నున్నటి తలని ఈ జిల్లాలో టికెట్టు అడిగేవాడు లేడు."

పందొమ్మిదేళ్ళు నాకు.
పోగొట్టుకోడానికి జుట్టు తప్ప ఏమీ మిగల్లేదు.
కళ్యాణకట్టలో మంగలాయన అడిగినాడు, ఏం మొక్కని.
పాకాల దాకా, అన్నా.
నవ్వలేదు. నీళ్ళు చల్లి కత్తి పెట్టినాడు.

ఆ ఎండాకాలమంతా గుండు మీదే బతికినాం.
బెంగుళూరా కాయల మీద పడుకుని దామలచెరువు,
టమాటా బాక్సుల సందులో మదనపల్లె,
గ్రానైటు దిమ్మె పక్కన ఊపిరి బిగబట్టి కుప్పం.
పాల వ్యాను ఆయన క్యాన్ల మీద కూర్చోబెట్టి
గోవిందా అనండి సామీ, నాకు పిల్లోడు పుట్టాల అన్నాడు.
గట్టిగానే అన్నాం.
పుట్టినాడో లేదో.

మొగిలి ఘాటులో, రాత్రి రెండు గంటలకి,
డ్రైవరు మస్తాన్ వలీ అడిగిన చార్జీ ఒకటే:
నన్ను నిద్ర పోనీకండి.
చెంగల్రాయులు కథ ఎత్తుకున్నాడు.
అందులో ఒక పెళ్ళాం, ఒక బావి, ఒక కోర్టు కేసు.
పలమనేరు దాటినా అది నిజమో కల్లో నాకు చిక్కలేదు.
దిగేటప్పుడు మస్తాన్ వలీ ఏడుస్తా ఉండాడు.
చెంగల్రాయులు లుంగీకి అంటిన పొట్టు దులుపుకుంటా ఉండాడు.

జుట్టు మొలిచే కొద్దీ మా పరపతి తగ్గేది.
అర అంగుళానికి లారీలు నెమ్మదించి పోయేవి,
అంగుళానికి హారను కొట్టి పోయేవి.
అప్పుడు గూడ్సు.
గూడ్సుకి మన తలతో పని లేదు,
దానికి భక్తుడూ ఒకటే, బొగ్గూ ఒకటే.

ఔటర్లో ఎర్రదీపం పడేదాకా తుమ్మచెట్ల వెనక కాచుకోవాల.
ఇనుప నిచ్చెన
మధ్యాన్నం ఎండని దాచిపెట్టి
రాత్రి మన అరచేతికిస్తుంది.
ఖాళీ పెట్టెలో నాలుగు గోడలు, కప్పు లేదు.
చంద్రగిరి దగ్గర కొండ ఒక్కసారి లోపలికి వంగి చూసి
ఎవరూ తెలిసినోళ్ళు కాదని పోతుంది.
గార్డుకి తెలుసు.
టార్చి మా మీద వేసి, తప్పు చేసినట్టు పక్కకి తిప్పేవాడు.

ముంగిలిపట్టులో లూపులో పెట్టినారు, ఎక్స్‌ప్రెస్ పోవాలని.
నీళ్ళు తెస్తానని దిగినాడు చెంగల్రాయులు.
చెప్పులు పైనే విడిచినాడు.
చెప్పులతో నిచ్చెన జారుతుందని వాడి నమ్మకం.
ఎక్స్‌ప్రెస్ పోయింది.
దాని కిటికీల వెలుతురు ముక్కలు ముక్కలుగా
బోరింగు దగ్గర వంగిన వాడి వీపు మీద పడింది.
కూత లేదు.
కప్లింగులు ఒకదాన్నొకటి లాక్కునే చప్పుడు
వేళ్ళు విరుచుకున్నట్టు
ఒక్కో పెట్టే దాటుకుంటా నా కాళ్ళ కిందికి వచ్చింది.
అరిచినా.
వాడు సీసాకి మూత పెడతా ఉండాడు,
నింపాదిగా, ఒక్క చుక్క ఒలక్కుండా.

పాకాల్లో మూడు రోజులు చూసినా.
పట్టాలెంబడి వెనక్కి నడిచి పోయినా.
ఎంతోమంది దిగుతారు, అన్నాడు స్టేషన్ మాస్టరు,
ఎక్కేవాళ్ళ లెక్కే మా దగ్గరుంటుంది.

ఇప్పుడు స్టీరింగు నా చేతిలో ఉండాది.
క్రిష్ణగిరి పల్పు ఫ్యాక్టరీకి కాయ తోలతా.
సీటు కింద ఆ చెప్పులు.
ఎడమది మడమ దగ్గర బాగా అరిగింది.
నాకు ఒక వేలు పొడుగు.

గుండుకీ ఆపుతా, జుట్టుకీ ఆపుతా.
తల చూడను, ముందు కాళ్ళు చూస్తా.
చిక్కేందంటే ఈ రోడ్డు మీద సగం మందివి వట్టి కాళ్ళే,
కొండకి నడిచిపోయేవాళ్ళు.

ఎక్కించుకుని, మొగిలి దగ్గర,
నిద్ర రాకపోయినా అడుగుతా: ఒక కథ చెప్పు సామీ.

మొన్న ఒకాయన
పెళ్ళాం దాటి బావి దాకా వచ్చినాడు.
బ్రేకు మీద కాలు పెట్టి విన్నా.
కోర్టు కేసు రాలేదు.
కుప్పంలో దించేసినా.